గుర్తు లేని అభ్యర్థి

ఎన్నిక అనగానే భారతీయ ఓటరుకు మొదట స్ఫురించేది గుర్తు. 1951-52లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలలో చదువురాని కోట్లాది ప్రజలు జోడెద్దులను, కంకి కొడవలిని, చెట్టును, గుడిసెను చూసి ఓటు వేశారు. ఆనాటి నుంచి గుర్తు లేని ఎన్నికను ఊహించడమే ఈ దేశంలో కష్టమైపోయింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో గ్రామ సర్పంచి ఎన్నికలు చట్టరీత్యా పార్టీరహితంగా జరుగుతాయి. అయినప్పటికీ ప్రతి అభ్యర్థికీ ఏదో ఒక గుర్తు కేటాయించనిదే బ్యాలెట్ పత్రం తయారు కాదు.

పార్టీని తీసివేసి, జెండాను తీసివేసి, చివరకు గుర్తును కూడా తీసివేస్తే అభ్యర్థికి మిగిలేది ఏమిటి? తన పేరు, ఆ పేరు విన్నప్పుడు ఇరుగుపొరుగు వారి మనసులో మెదిలే నడవడి. ఈ రెండింటినే పెట్టుబడిగా పెట్టి వేలాది సామాన్య పౌరులు అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఏటా ఒక చిన్న పదవికి పోటీ చేస్తుంటారు. అది స్థానిక స్కూలు బోర్డు సభ్యత్వం.

పదవి చిన్నదే గాని, దాని చేతిలో ఉన్న విషయం చిన్నది కాదు. అమెరికాలో ప్రభుత్వ పాఠశాలల నిర్వహణ వాషింగ్టన్‌లోని మంత్రిత్వ శాఖ చేతిలో లేదు. బడుల ఖర్చులో కేంద్ర ప్రభుత్వం భరించేది ఇంచుమించు పదింట ఒక వంతు. తక్కినదంతా రాష్ట్ర ప్రభుత్వమూ, ఆ ఊరివారు తమ ఇళ్ల మీద కట్టే ఆస్తి పన్నూ భరిస్తాయి. దేశం మొత్తం మీద 13,000కు పైగా స్కూలు డిస్ట్రిక్టులు ఉన్నాయి. హవాయి రాష్ట్రమంతా కలిసి ఒకే డిస్ట్రిక్టు కాగా, కొన్ని రాష్ట్రాలలో ఒక్కొక్కటి వందల సంఖ్యలో ఉన్నాయి. దాదాపు 5 కోట్ల మంది పిల్లలు ఈ బడులలో చదువుతున్నారు. ఒక్కొక్క డిస్ట్రిక్టుకు సాధారణంగా ఐదుగురో, ఏడుగురో, తొమ్మండుగురో సభ్యులు గల బోర్డు ఉంటుంది. బడుల పాలనాధికారి అయిన సూపరింటెండెంటును నియమించడం, బడ్జెట్టును ఆమోదించడం, ఉపాధ్యాయులతో వేతన ఒప్పందం కుదుర్చుకోవడం, ఏ వీధి పిల్లలు ఏ బడికి వెళ్లాలో హద్దులు గీయడం – ఇవన్నీ దాని పనులే. న్యూయార్కు వంటి కొన్ని నగరాలలో బోర్డు సభ్యులను నియమించే పద్ధతి ఉన్నది గాని, అత్యధిక సంఖ్యాకమైన డిస్ట్రిక్టులలో వారిని ఎన్నుకొనేది ప్రజలే.

ఈ ఏర్పాటుకు వేళ్లు చాలా లోతుగా ఉన్నాయి. 1647లో మసాచుసెట్స్ వలస ప్రాంతంలో ఒక చట్టం వచ్చింది. 50 కుటుంబాలు గల ప్రతి ఊరూ పిల్లలకు చదవడం, వ్రాయడం నేర్పే ఒక గురువును నియమించుకోవాలని అది శాసించింది. బడి బాధ్యత ఊరిదేనన్న భావన అక్కడ నాటుకున్నది. 1826లో అదే రాష్ట్రం, ఊరి తక్కిన వ్యవహారాల నుంచి వేరుచేసి, బడుల కోసమే ప్రత్యేకంగా ఒక కమిటీని ఎన్నుకోవాలని నిర్దేశించింది. నేటి స్కూలు బోర్డుకు అదే మాతృక.

అయితే మొదటి నుంచీ ఆ ఎన్నికలు పార్టీరహితమైనవి కావు. పందొమ్మిదో శతాబ్దం చివరి నాటికి పెద్ద నగరాలలో బడి కూడా రాజకీయ పెత్తందారుల జేబులోకి జారిపోయింది. పేట నాయకుని సిఫారసు ఉంటేనే ఉపాధ్యాయ ఉద్యోగం. అతనికి వాటా ముడితేనే పాఠ్యపుస్తకాల కాంట్రాక్టు. దీనిపై సంస్కర్తలు ఉద్యమించారు. న్యూయార్కులో 1896లో పేటల వారీ బోర్డులు రద్దయినాయి. సెయింట్ లూయిస్ నగరం 1897లో, నగరమంతా కలిసి ఎన్నుకొనే 12 మంది సభ్యుల చిన్న బోర్డును ఏర్పరచుకున్నది. బ్యాలెట్ పత్రం మీద పార్టీ పేరు ఉండరాదన్న నియమం క్రమేణా దేశమంతటా వ్యాపించింది. బడి రాజకీయం నుంచి కొంత బయటపడిన మాట నిజం. కాని ఆ మార్పు వల్ల నష్టపడినవారూ లేకపోలేదు. పేటల వారీ ఎన్నికలలో గెలవగలిగిన కార్మికులు, వలస కుటుంబాలవారు నగరవ్యాప్త ఎన్నికలలో వెనుకబడిపోయారు. బోర్డులలో సంపన్న వ్యాపారులు, వృత్తి నిపుణులు అధికులయ్యారు.

స్త్రీలకు మాత్రం స్కూలు బోర్డే ప్రజాజీవితానికి తొలి గడప అయినది. అమెరికా స్త్రీలకు దేశవ్యాప్తంగా ఓటు హక్కు వచ్చినది 1920లో. అంతకు ఎంతో ముందే, 1861లో, కాన్సస్ రాష్ట్రం స్కూలు ఎన్నికలలో వారికి ఓటు ఇచ్చింది. 1879లో మసాచుసెట్స్ కూడా ఆ దారి పట్టింది. పిల్లల చదువు తల్లికి సంబంధించిన విషయమే కదా అన్న వాదాన్ని కాదనడం పురుషులకు కష్టమైంది. ఆ చిన్న సందు నుంచే పెద్ద ద్వారం తెరుచుకున్నది. ఈనాటికీ ఎందరో ఆ గడప మీదుగానే లోపలికి వెళ్తున్నారు. వాషింగ్టన్ రాష్ట్రంలో ప్యాటీ ముర్రే అనే గృహిణి, శిశు విద్యా కార్యక్రమానికి నిధులు తగ్గించవద్దని విన్నవించుకోవడానికి శాసనసభకు వెళ్లింది. టెన్నిస్ బూట్లు తొడుక్కున్న ఒక తల్లి వల్ల ఏమవుతుందని ఒక ప్రజాప్రతినిధి తీసిపారేశాడట. ఆమె తల్లిదండ్రులను కూడగట్టి ఆ కార్యక్రమాన్ని నిలబెట్టింది. 1980లలో షోర్‌లైన్ స్కూలు బోర్డులో పనిచేసింది. 1992లో అమెరికా సెనేట్‌కు ఎన్నికైంది.

పోటీ చేయడం ఎలా? న్యూజెర్సీ రాష్ట్రాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. తెలుగు కుటుంబాలు విస్తారంగా స్థిరపడిన రాష్ట్రాలలో అది ఒకటి. అక్కడ బోర్డు సభ్యుని పదవీకాలం 3 సంవత్సరాలు. జీతం లేదు. అభ్యర్థి అమెరికా పౌరుడై ఉండాలి. ఆ డిస్ట్రిక్టులో కనీసం ఒక సంవత్సరంగా నివసిస్తూ ఉండాలి. ఓటరుగా నమోదై ఉండాలి. చదవడం, వ్రాయడం వచ్చి ఉండాలి. డిగ్రీల ప్రసక్తి లేదు. బడిలో తన పిల్లలు చదువుతూ ఉండాలన్న నియమమూ లేదు. నామినేషను పత్రం మీద కొద్దిమంది ఓటర్లు సంతకం చేస్తే చాలు. నవంబరులో జరిగే ఎన్నికకు ఆ పత్రాన్ని జూలై నెల చివరి సోమవారం లోగా దాఖలు చేయాలి. బ్యాలెట్ మీద ఎవరి పేరు ముందు, ఎవరి పేరు వెనుక అన్నది చీట్లు తీసి నిర్ణయిస్తారు. ఇది అల్పవిషయం కాదు. ముక్కూమొగం తెలియని పేర్లు వరుసగా కనిపించినప్పుడు కొందరు ఓటర్ల చేయి మొదటి పేరు దగ్గరే ఆగిపోతుందని ఎన్నికలను పరిశీలించినవారు గుర్తించారు.

ఆ సంతకాలు ఒక్క సాయంత్రంలో పోగవుతాయి. అసలు పని ఆ తరువాత మొదలవుతుంది. పార్టీ ఉన్న అభ్యర్థికి పార్టీ ఓట్లు పుట్టుకతో వచ్చిన ఆస్తి వంటివి. పార్టీ లేనివాడు ఒక్కొక్క ఓటునూ స్వయంగా సంపాదించుకోవాలి. పగలంతా తన ఉద్యోగం చేసుకొని, సాయంత్రాలూ శని ఆదివారాలూ ఓటర్ల జాబితా చేతపట్టుకొని ఇల్లిల్లూ తిరగాలి. తన పేరు వ్రాసిన చిన్న బోర్డును పచ్చికలో పాతుకోనిమ్మని ఇంటివారిని అడగాలి. 1920లో స్థాపితమైన లీగ్ ఆఫ్ విమెన్ ఓటర్స్ వంటి సంస్థలు ఏర్పాటు చేసే చర్చా సభలలో, గడియారం చూసుకుంటూ, ఒక్కొక్క ప్రశ్నకు ఒకటి రెండు నిమిషాలలో జవాబు చెప్పాలి. ఆ సంస్థ ఏ అభ్యర్థినీ బలపరచదు; అందరినీ ఒకే వేదిక మీద కూర్చోబెడుతుంది.

తలుపు తట్టినప్పుడు లోపలి నుంచి వచ్చే ప్రశ్నలు ఇంటింటికీ మారుతాయి. ఒక ఇంట్లో వృద్ధ దంపతులు ఉంటారు. వారి పిల్లలు పెరిగి పెద్దవారై ఎప్పుడో వెళ్లిపోయారు. న్యూజెర్సీలో ఇంటి పన్నులో ఇంచుమించు సగం బడులకే పోతుంది. ఇంకా ఎంతకాలం కట్టాలని వారు అడుగుతారు. పక్క ఇంట్లో ఎదుగుదలలో వెనుకబడిన బిడ్డ తల్లి ఉంటుంది. వికలాంగులైన పిల్లలందరికీ తగిన విద్యను ఉచితంగా అందించవలసిన బాధ్యత ప్రభుత్వ పాఠశాలలదేనని 1975 నాటి కేంద్ర చట్టం చెబుతున్నది. ఆ చట్టం తన బిడ్డ తరగతి గదిలోకి ఎప్పుడు వస్తుందని ఆమె ప్రశ్న. మూడో ఇంటివారికి ఫలానా ఉపాధ్యాయుని మీద కోపం. నాలుగో ఇంటివారికి బస్సు ఆగే చోటు నచ్చలేదు. ఒకరికి పన్ను తగ్గాలి, ఒకరికి ఖర్చు పెరగాలి. ఇద్దరి ఓటూ కావాలి.

ఇక్కడే ఈ పోటీలోని అసలు చిక్కు బయటపడుతుంది. సామాన్యంగా అభ్యర్థి అన్నవాడు వాగ్దానం చేస్తాడు. స్కూలు బోర్డు అభ్యర్థి వాగ్దానం చేయడానికి వీలు లేదు. న్యూజెర్సీ చట్టంలో బోర్డు సభ్యులకు ఒక నీతి నియమావళి ఉన్నది. అధికారం బోర్డుకు ఉన్నదే గాని, ఏ ఒక్క సభ్యునికీ లేదని అది స్పష్టం చేస్తున్నది. సభ్యుడు సొంతంగా ఎవరికీ మాట ఇవ్వరాదు. బడులను తానే నడపబూనరాదు. అవి సక్రమంగా నడుస్తున్నాయో లేదో తోటి సభ్యులతో కలిసి చూడడమే అతని పని. ఉపాధ్యాయుని మీద కోపంగా ఉన్న తండ్రికి, ముందు ఆ ఉపాధ్యాయునితో, ఆ తరువాత ప్రిన్సిపాలుతో మాట్లాడమని చెప్పవలసిందే తప్ప, అతని సంగతి తాను చూస్తానని అనరాదు.

తొమ్మండుగురిలో ఒకడు మాత్రమే అయిన మనిషి పన్ను తగ్గిస్తానని ఎలా చెప్పగలడు? బడ్జెట్టులో సింహభాగం జీతాలకూ, ఉద్యోగుల ఆరోగ్య, పింఛను సౌకర్యాలకూ పోతుంది. అది ఒప్పందాలతో ముడిపడిన డబ్బు. తగ్గించదలచుకుంటే చేతికి అందేది సంగీతం, గ్రంథాలయం, ఆటలు, బస్సులు వంటి చిన్న పద్దులే. ఈ సంగతి తెలిసిన అభ్యర్థి నిజం చెబితే ఓటు పోతుందేమోనన్న భయం. అబద్ధం చెబితే ఆరు నెలలకే కిరాణా కొట్టు దగ్గర అదే ఓటరు ఎదురుపడతాడన్న భయం. రాష్ట్ర రాజధానిలో ఉండే శాసనసభ్యునికి రెండో భయం అంతగా ఉండదు. ఊళ్లోనే ఉండే స్కూలు బోర్డు సభ్యుడు దాని నుంచి తప్పించుకోలేడు. పార్టీరహిత ఎన్నికకు ఉన్న నిజమైన బలం బహుశా ఇదే. అది మనిషిని నిష్పాక్షికుణ్ణి చేయదు. జవాబుదారీ నుంచి పారిపోవడానికి చాటు మాత్రం దొరకనివ్వదు.

ఈ బలానికి ఈనాడు పరీక్షాకాలం వచ్చింది. బ్యాలెట్ మీద పార్టీ పేరు లేనంత మాత్రాన దాని వెనుక డబ్బు లేదని కాదు. 2017లో లాస్ ఏంజెలెస్ స్కూలు బోర్డు ఎన్నికలలో దాదాపు కోటిన్నర డాలర్లు ఖర్చయినాయి. 2020లో కోవిడ్ వ్యాధి ప్రబలి బడులు మూతపడిన తరువాత, మాస్కుల గురించీ, గ్రంథాలయంలో ఉండవలసిన పుస్తకాల గురించీ బోర్డు సమావేశాలు రణరంగాలయ్యాయి. 2022 ఫిబ్రవరిలో శాన్ ఫ్రాన్సిస్కో ఓటర్లు ముగ్గురు సభ్యులను పదవీకాలం మధ్యలోనే వెనుకకు పిలిచారు. అభ్యర్థులు పార్టీ పేరుతో పోటీ చేయడానికి టెన్నెసీ రాష్ట్రం 2021లో వీలు కల్పించింది. ఫ్లారిడాలో అటువంటి సవరణనే 2024లో ప్రజల ముందు పెట్టగా, సగానికి పైగా ఓటర్లు అనుకూలించినా, అవసరమైన 60 శాతం రాక అది వీగిపోయింది. పార్టీ పేరు ఎలాగూ లోలోపల ఉన్నదే కదా, బయట పెడితే ఓటరుకు తెలుస్తుంది గదా అన్నది ఒక వాదం. ఆ పేరు కనిపించిన మరుక్షణం ఓటరు మనిషిని చూడడం మానివేస్తాడన్నది రెండో వాదం. రెండింటిలోనూ కొంత నిజం ఉన్నది.

మనిషిని చూడడం వల్ల ఏమి ఒరుగుతుందో తెలుసుకోవాలంటే 1959 నాటి లిటిల్ రాక్ నగరాన్ని తలచుకోవాలి. ఆర్కన్సా రాష్ట్ర రాజధాని అయిన ఆ నగరంలో 1957లో తొమ్మిది మంది నల్లజాతి విద్యార్థులు సెంట్రల్ హైస్కూలులో చేరినప్పుడు కేంద్ర ప్రభుత్వం సైన్యాన్ని దించవలసి వచ్చింది. మరుసటి సంవత్సరం గవర్నరు ఆర్వల్ ఫాబస్ నగరంలోని హైస్కూళ్లనే మూసివేయించాడు. 1958 సెప్టెంబరు 27న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 19,470 మంది కలిసి చదవడాన్ని తిరస్కరించగా 7,561 మంది మాత్రమే ఒప్పుకున్నారు. 3,600కు పైగా విద్యార్థులకు ఆ సంవత్సరం తమ ఊళ్లో హైస్కూలు చదువు లేకుండాపోయింది. అదే సెప్టెంబరులో కొందరు శ్వేతజాతి స్త్రీలు, బడులు తెరిపించడమే ధ్యేయంగా ఒక కమిటీగా ఏర్పడ్డారు. సభ్యుల ఇళ్లకు, వారి భర్తల వ్యాపారాలకు హాని కలగవచ్చునన్న భయంతో పేర్ల జాబితాను రహస్యంగా ఉంచారు.

డిసెంబరులో కొత్త స్కూలు బోర్డు ఎన్నికైంది. ఆరుగురిలో ముగ్గురు మితవాదులు, ముగ్గురు జాతి వివక్షను సమర్థించేవారు. 1959 మే 5న జరిగిన సమావేశంలో ఉపాధ్యాయుల తొలగింపు ప్రస్తావన రాగా, మితవాదులు ముగ్గురూ లేచి వెళ్లిపోయారు. మిగిలిన ముగ్గురూ 44 మంది ఉపాధ్యాయులను, పాలనాధికారులను తొలగిస్తూ తీర్మానించారు. వారి నేరమల్లా జాతుల సమ్మేళనానికి సుముఖులన్న అనుమానమే. దానితో నగరం మేలుకున్నది. కలిసి చదవడాన్ని ఎనిమిది నెలల కిందట తిరస్కరించిన నగరమే, తమ పిల్లలకు పాఠాలు చెప్పిన పంతులమ్మలను వీధిలోకి నెట్టడాన్ని సహించలేకపోయింది. వివక్షవాదులను వెనుకకు పిలవాలని ఒక పక్షం, మితవాదులను వెనుకకు పిలవాలని మరొక పక్షం సంతకాలు సేకరించాయి. స్త్రీల కమిటీ ఓటర్ల జాబితాలు పట్టుకొని ఇంటింటికీ తిరిగింది. మే 25న ఓటర్లు ఆరుగురి పేర్ల మీదా విడివిడిగా తీర్పు చెప్పారు. ముగ్గురు వివక్షవాదులు పదవి కోల్పోయారు. ముగ్గురు మితవాదులు నిలిచారు. తేడా స్వల్పమే. తొలగింపునకు గురైనవారిలో అత్యధికులకు ఉద్యోగాలు తిరిగి వచ్చాయి. ఆగస్టు 12న హైస్కూళ్ల తలుపులు తెరుచుకున్నాయి. నల్లజాతి పిల్లలకు పూర్తి న్యాయం జరగడానికి ఇంకా ఎన్నో సంవత్సరాలు పట్టింది గాని, మూసిన బడి తెరుచుకోనిదే ఆ దారిలో మొదటి అడుగైనా పడేది కాదు.

ఆ ఎన్నికలో పార్టీ లేదు, గుర్తు లేదు. ఓటరు ముందు ఉన్నది ఒక్కొక్క పేరు; ఆ పేరు గలవాడు మే 5 నాటి సమావేశంలో ఏమి చేశాడన్న ప్రశ్న.

అమెరికాలో నివసించే తెలుగువారికి స్కూలు డిస్ట్రిక్టు అన్న మాట కొత్తది కాదు. ఇల్లు కొనేముందు వారు వాకబు చేసేది దానినే. పన్ను కడతారు, పిల్లలను పంపుతారు. కాని పౌరసత్వం రానంత వరకు చాలా చోట్ల వారికి ఓటు లేదు. దీనికి అపవాదాలూ ఉన్నాయి. న్యూయార్కు నగరంలో 2002లో రద్దయిన స్థానిక స్కూలు బోర్డుల ఎన్నికలలో పౌరులు కాని తల్లిదండ్రులు కూడా ఓటు వేసేవారు. శాన్ ఫ్రాన్సిస్కో ప్రజలు 2016లో అటువంటి హక్కునే ఆమోదించారు; 2018 ఎన్నికలలో అది అమలులోకి వచ్చింది. పౌరసత్వం వచ్చిన తరువాత ఓటుతో తృప్తిపడక, పోటీకి దిగే భారతీయ సంతతివారు కూడా ఇప్పుడు కనిపిస్తున్నారు.

భారతదేశంలోనూ ఈ భావన బీజరూపంలో ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో 1998లోనే బడి నిర్వహణలో ప్రజలకు భాగస్వామ్యం కల్పిస్తూ చట్టం వచ్చింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రభుత్వ పాఠశాలలకు యాజమాన్య కమిటీలు ఉండాలన్నది. సభ్యులలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగం మంది స్త్రీలు కావాలన్నది. పన్ను వేసే అధికారం, ఉపాధ్యాయులను నియమించే అధికారం ఆ కమిటీకి లేవు. బడి అభివృద్ధికి ప్రణాళిక వేయడం, వచ్చిన నిధుల వినియోగాన్ని గమనించడం దాని విధులు. అయినా ఆ ఎన్నికకు నిలబడే తల్లికి ఎదురయ్యే ప్రశ్న న్యూజెర్సీ అభ్యర్థికి ఎదురయ్యే ప్రశ్నే: నీ బిడ్డ కోసం వచ్చావా, అందరి బిడ్డల కోసం వచ్చావా?

న్యూజెర్సీలో గెలిచిన అభ్యర్థి జనవరి మొదటి వారంలో ప్రమాణం చేసి, ఒక పొడవాటి బల్ల వెనుక తనకు కేటాయించిన కుర్చీలో కూర్చుంటాడు. కొత్త సభ్యులకు చట్టం విధించిన శిక్షణ తీసుకుంటాడు. అతని చేతిలో తొమ్మిదింట ఒక్క ఓటు ఉంటుంది. నవంబరులో తలుపు తీసిన వృద్ధుడూ, ఆ బిడ్డ తల్లీ ఎదుటి కుర్చీలలో కూర్చొని ఉంటారు. వారికి అతడు ఏ మాటా ఇవ్వలేదు. అయినా వారు ఓటు వేశారు. ఆ ఒక్క చేయి ఎప్పుడు పైకి లేస్తుందో, ఎప్పుడు లేవదో చూడడానికి వచ్చారు.